నూరో రోజు సన్మానపత్రం

మొన్న నర్సింగు ఆఖరి సంవత్సరం పిల్లలు ఇద్దరు మా ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని విజయం ఒకటి చెప్పండి, కాలేజీ పత్రికలో వేస్తాం" అన్నారు. విజయాలు కావాలంటే మా ఆసుపత్రి ప్రచార విభాగాన్ని అడగమన్నాను. నేను సాధించని విజయాలు కూడా వాళ్ల దగ్గర ఫొటోలతో సహా ఉంటాయి. నా దగ్గర చెప్పుకోదగ్గది ఒక తప్పు ఉంది. దాని మీద ఒక కమిటీ కూడా కూర్చుంది, కాబట్టి చిన్న తప్పేమీ కాదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మళ్లీ వస్తామని చెప్పి కాఫీ తాగి వెళ్లిపోయారు. రాలేదు. అందుకని నేనే రాస్తున్నాను. రేపు మీరు కూర్చోబోయే కుర్చీలోనే నేనూ కూర్చున్నాను గనక, ఓపికుంటే చదవండి.

నేను పనిచేసిన ఆసుపత్రి ఎల్బీ నగర్ చౌరస్తాకు దగ్గర్లో ఉంది. పేరు చెప్పను. చెబితే పెన్షన్ ఆపేస్తారన్న భయం కాదు, ప్రైవేటు ఆసుపత్రిలో పెన్షనెక్కడిది! తెనాలి నుంచి పెళ్లయి వచ్చి కొత్తపేటలో కాపురం పెట్టినదాన్ని. చివరి పదకొండేళ్లు మూలకణాల మార్పిడి వార్డుకు ఇన్‌చార్జి సిస్టర్‌ని. ఆ మాట వినగానే జనం పెద్ద ఆపరేషన్ అనుకుంటారు. నిజానికి జరిగేదేమిటంటే, రోగి మూలకణాల్ని ముందే తీసి దాచి, జబ్బు చేసిన మూలుగను గట్టి మందుతో తుడిచిపెట్టి, దాచినవాటిని మళ్లీ ఎక్కిస్తారు. ఒక సంచి, ఒక గొట్టం. "అన్ని లక్షలు పెట్టింది దీనికా, కోయడం లేదా, కుట్టడం లేదా?" అని బంధువులు చాలా నిరుత్సాహపడేవాళ్లు. ఆ నిరుత్సాహం తీర్చుకోవడానికి సంచులకొద్దీ పళ్లు తెచ్చేవాళ్లు. పళ్ల మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నన్నాళ్లూ మా వార్డు గుమ్మం ముందు మామిడి వాసన వదిలేది కాదు. మా రోగులు వండనిదేదీ తినకూడదు, పళ్లు కూడా. ఆ పళ్లన్నీ ఏమయ్యేవో అడక్కండి. మా సిస్టర్లెవరూ సన్నంగా ఉండేవాళ్లు కాదు.

మీకు తెలియాల్సిన చదువు ఇక్కడ ఒక్క ముక్కే ఉంది. చిన్నప్పుడు అమ్మవారు పోసి తగ్గిందంటే, ఆ క్రిమి ఒంట్లోంచి పోయిందని కాదు. నరాల మొదట్లో ఎక్కడో ముడుచుకుని పడుకుంటుంది, ఏళ్ల తరబడి. మార్పిడి తర్వాత వచ్చే కొత్త రక్షణ అపార్టుమెంటులో కొత్తగా చేరిన వాచ్‌మన్ లాంటిది. ఎవరు ఇంటివాళ్లో ఎవరు దొంగో అతనికి తెలియడానికి ఏడాదైనా పడుతుంది. ఆ లోపల పడుకున్నది లేచి, ఒక నరం పట్టుకుని పైకొస్తుంది. మన ఇళ్లల్లో దాన్ని సర్పి అంటారు. అది లేవకుండా రోజుకు రెండుసార్లు ఒక మాత్ర వేసుకోవాలి, మా ఆసుపత్రి పద్ధతిలో ఏడాదికి తక్కువ కాకుండా. పెద్దది, తెల్లది, మింగడానికి చిరాకు పుట్టించేది. వార్డులో అందరం దాన్ని పెద్ద మాత్ర అనేవాళ్లం.

ఇక సన్మానం సంగతి. మార్పిడి తర్వాత నూరో రోజు మా వైద్యంలో ఒక మెట్టు. మొదటి గండం గడిచిందని లెక్క. అంతే, అంతకుమించి ఏమీ కాదు. కానీ మా ప్రచార విభాగం అధిపతికి నూరు అన్న అంకె వినబడగానే సినిమా నూరు రోజుల పండగ గుర్తొచ్చింది. ప్రతి రోగికీ నూరో రోజున సన్మానం చేయాలన్నారు. శాలువా, పూలదండ, మెమెంటో, వెనక ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద రోగి ఫొటో చిన్నదిగా, యాజమాన్యం ఫొటో పెద్దదిగా. మూలుగ మార్చుకున్న మనిషికి జనంలో తిరగొద్దని మేమే చెప్పి, మేమే రెండొందల మందిని పిలిచి మధ్యలో కూర్చోబెట్టేవాళ్లం. మాస్కు తీస్తే గానీ ఫొటో బాగా రాదనేవాడు ఫొటోగ్రాఫరు.

సన్మానం అన్నాక పత్రం ఉండాలి. పత్రం అన్నాక తెలుగు కావాలి. "సిస్టర్, మీ తెలుగు బాగుంటుంది కదా" అన్నారు అధిపతిగారు. ఆ ఒక్క మాట చాలు నాకు. చిన్నప్పుడు వ్యాసరచనలో బహుమతి వచ్చిన దగ్గర్నుంచి నా తెలుగు మీద నాకు చెడ్డ నమ్మకం. రెండు రోజులు కూర్చుని రాశాను. "మృత్యువును ధిక్కరించి, మొక్కవోని ధైర్యంతో, మూలకణ మార్పిడి చికిత్సను విజయవంతంగా పూర్తి చేసుకున్న మీకు..." అని మొదలుపెట్టి, అడుగున "సూచించిన మందులు మాత్రం ఏడాదిపాటు తప్పక వాడవలెను" అని ముగించాను. ఆయన చదివి, "అద్భుతం సిస్టర్, కానీ ఆ చివరి వాక్యం తీసేద్దాం. సన్మానపత్రంలో మందులేంటండీ, అశుభంగా!" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. మొక్కవోని ధైర్యం పక్కన మాత్రల గోల బాగుండదనిపించింది. నేనే కొట్టేశాను, నా చేత్తో నేనే.

ఆ పత్రం అందుకున్నవాళ్లలో ఒకాయన చీరల షాపాయన. పోచంపల్లి వైపు మగ్గాల ఇంట పుట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లో షాపు పెట్టి, యాభై ఐదేళ్ల వయసులో మూలుగ జబ్బు తెచ్చుకున్న మనిషి. ఆయనను అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని, ఆయన భార్యను వదినగారూ అనేదాన్ని. ఇద్దరూ నన్ను సిస్టరమ్మా అనేవాళ్లు. వార్డులో ఉన్న నెలరోజులూ ఆయన పడిన బాధల్లో పెద్దది మా కర్టెన్ల రంగు. "ఎవరమ్మా గీ రంగు ఏరింది? కామెర్లొచ్చినోని కండ్ల లెక్క ఉన్నది" అని రోజూ అడిగేవారు. ఆయన కన్ను అలాంటిది. ఇక్కత్ చీరకు నూలు రంగులద్దేవాళ్లు నమూనా తెచ్చి ఆయన ముందు పెడితే, గుమ్మంలో వెలుగుకు పట్టి, "నీలం ఒక్క ముంపు తక్కువైంది" అని చెప్పేవారట. చుట్టుపక్కల షాపుల వాళ్లు కూడా సరుకు దింపుకునే ముందు ఆయనకు చూపించుకునేవాళ్లట. ఇవన్నీ ఆయనే చెప్పారు. తర్వాత విచారిస్తే నిజమేనని తెలిసింది, అది అరుదు.

సన్మానం రోజుకు ఆయన తలమీద కొత్త జుట్టు వచ్చింది. మందుకు రాలిపోయి మళ్లీ మొలిచిన జుట్టు, ఇదివరకు లేని ఉంగరాలతో. దానికి ఆయన ఎంత మురిసిపోయారంటే జేబులో దువ్వెన పెట్టుకుని వేదిక మీద కూడా దువ్వుకున్నారు. నేను మైకులో నా పత్రం చదివాను. హాలంతా చప్పట్లు. వదినగారు కళ్లొత్తుకున్నారు. చప్పట్లు పత్రానికా, రోగికా అన్న అనుమానం నాకు ఆ రోజు రాలేదు.

సన్మానం వేసవిలో జరిగింది. శ్రావణమాసం దాకా ఆయన నెలనెలా పరీక్షకు వస్తూనే ఉన్నారు. "మందులన్నీ వాడుతున్నారా?" అని మేము అడుగుతూనే ఉన్నాం. "వాడుతున్న" అని ఆయన చెబుతూనే ఉన్నారు. కంప్యూటరు పాత చీటీనే మళ్లీ మళ్లీ అచ్చేసి ఇస్తూనే ఉంది. ఎవరి పని వాళ్లం చక్కగా చేశాం.

శ్రావణంలో ఒక సోమవారం మధ్యాహ్నం వార్డు ఫోను మోగింది. ఇంటికి వెళ్లిన రోగులకు ఏ సందేహం వచ్చినా చేయడానికి ఇచ్చిన నంబరు అది. ఫోను దగ్గర నా డ్యూటీ. అప్పుడే టిఫిన్ బాక్సు మూత తీసి, గోంగూర కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అవతల వదినగారు.

"సిస్టరమ్మా, చీరల షాపాయన భార్యను మాట్లాడుతున్న. ఆయనకు పొద్దుగాల్నుంచి నెత్తి ఒక్క దిక్కే మంట పుడుతున్నదంట. దువ్వెన గూడ పెట్టనిస్తలేడు."

"షాపులో ఏసీ కింద కూర్చుంటున్నారా?" అన్నాను నములుతూ.

"ఆ, ఏసీ అయితే ఉంటది."

"అదే అయ్యుంటుంది. ఏసీ గాలి తగలకుండా కూర్చోమనండి. పారాసిటమాల్ ఒకటి వేయండి. తగ్గకపోతే మళ్లీ ఫోన్ చేయండి."

"అట్లనే అమ్మా" అని పెట్టేశారు. నేను రిజిస్టరులో "తలనొప్పి. సలహా ఇచ్చాను" అని రాసి సంతకం చేశాను. అన్నం చల్లారలేదు కూడా.

ఇప్పుడు మీరు పుస్తకం తెరవండి. బొబ్బలు రావడానికి రెండు మూడు రోజుల ముందు, ఒకే పక్క మంట, ముట్టుకుంటే ఓర్చుకోలేనంత. ఉంటుంది, చూడండి. ఎన్ని బ్యాచ్‌లకు నేనే ఆ పాఠం చెప్పానో. పది నిమిషాలకోసారి దువ్వుకునే మనిషి దువ్వెన ముట్టనివ్వడం లేదని పెళ్లాం ఫోన్ చేసి మరీ చెబితే, నేను ఏసీ గురించి అడిగాను. పెద్ద మాత్ర వేసుకుంటున్నారా అని అడగలేదు. వేసుకోకుండా ఎలా ఉంటారు, నేను చెప్పాను కదా! డిశ్చార్జి రోజున ముప్పావుగంట చెప్పాను.

గురువారం మళ్లీ ఫోను. మర్నాడు వరలక్ష్మీ వ్రతం.

"సిస్టరమ్మా, ఆయన మొఖం మీద బుగ్గలు లేసినయి. నొసట మీద, కంటి రెప్ప మీద, ముక్కు కొసకు గూడ రెండున్నయి. ఒక్క దిక్కే. అవుతలి దిక్కు సాఫ్‌గ ఉన్నది. మా ఆడిబిడ్డ చూసి సర్పి అన్నది. ఎర్రమన్ను పూసింది."

ముక్కు కొసకు, కంటికి పోయే నరం ఒకటే. ముక్కు మీద బొబ్బ లేచిందంటే కంటి దాకా వచ్చిందనే అనుకోవాలి.

"కన్ను ఎలా ఉంది?"

"ఎర్రగైంది. నీళ్లు కారుతున్నయి."

"పెద్ద మాత్ర వేసుకుంటున్నారా, తెల్లది?"

"అది ఎప్పుడో బందు చేసినం గదమ్మా. పూర్తయిందని మీరే రాసిచ్చిన్రు గద! షుగరు గోలీ, బీపీ గోలీ వేసుకుంటుండు. అవి ఆయన సొంతయి."

మన్ను పూసిన ఆడపడుచును తిట్టుకోవడం సులువు. నేనూ ఒక క్షణం తిట్టుకున్నాను. కానీ ఆవిడకు మొదటి చూపులోనే జబ్బేమిటో తెలిసింది. ముప్పై మూడేళ్ల అనుభవం, వార్డు ఇన్‌చార్జి పదవి ఉన్న నాకు తెలియలేదు. ఆ లెక్కన మా ఇద్దరిలో ఎవరికి శాలువా కప్పాలి?

వెంటనే తీసుకురమ్మన్నాను. వదినగారు గొంతు తగ్గించి, "ఒస్తలేడమ్మా. రేపు వ్రతం, ఇయ్యాల గిరాకీ బాగుంటది అంటుండు" అన్నారు. డాక్టరుగారికి చెప్పి, ఐసొలేషన్ గది సిద్ధం చేయమని కింద ఫ్లోరుకు చెప్పి, వేసుకున్న యూనిఫాం మీదే బయలుదేరాను. మా మేట్రన్, "డ్యూటీలో ఎక్కడికి సిస్టర్?" అంది. "చీర కొనడానికి" అన్నాను. నిజం చెబితే అనుమతి పత్రం రాయించేది.

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషను. ఆ రోజు రోడ్డు మీద ఉన్న ఆడవాళ్లంతా చీరలకే బయలుదేరారు. కోచింగ్ సెంటర్ల కాగితాలు పంచేవాళ్లు నాకు కూడా గ్రూప్ టూ కాగితం ఇచ్చారు. జనాన్ని తోసుకుంటూ షాపులో పడ్డాను.

ఆయన గద్దె మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. ముఖం సగం ఎర్రమన్ను. ఏదో దీక్షలో ఉన్నాడనుకుని ఇద్దరు ముసలమ్మలు దండం పెట్టి మరీ బేరం చేస్తున్నారు. ఆయన తల వెనక గోడ మీద దేవుళ్ల పటాలు, వాటి మధ్య బంగారు రంగు ఫ్రేములో నా పత్రం. దానికీ బొట్టు పెట్టారు. కింద అగరుబత్తి వెలుగుతోంది.

"ఏంది సిస్టరమ్మా, చీర కావాల్నా? నీకు డిస్కౌంటిస్త" అన్నారు నవ్వబోయి, నొప్పికి ఆగిపోయి.

"మీరు కావాలి. లేవండి."

"జర ఈ ఒక్క దినం ఆగమ్మా. ఇయ్యాల గిరాకీ అయినంక రేపు నేనే ఒస్తా. ఇది సర్పి. మా చెల్లె మన్ను పూసింది, మూడు దినాలల్ల ఎండిపోతది."

"పైన ఎండుతుంది అన్నయ్యగారూ. లోపల కన్ను పోతుంది."

"గట్లెట్ల పోతది? పూర్తయింది గదా!" అని వెనక్కి తిరక్కుండానే వేలు ఎత్తి గోడ మీద ఫ్రేము చూపించారు. "విజయవంతంగా పూర్తి. నువ్వే రాసినవంట గద, మైకుల నువ్వే చదివినవు. గిరాకీలకు గూడ చదివి చూపిస్త నేను."

ముసలమ్మలు పత్రం వైపు, నా వైపు చూశారు. అక్షరాలు భలే అందంగా ఉన్నాయి. ఆ క్షణంలో భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. చీలలేదు. "నేను రాసింది తప్పు" అన్నాను. అందరి ముందూ అన్నాను. నా తెలుగు గురించి నేను అన్న మొదటి చెడ్డ మాట అదే.

ఆయన పక్కన కుప్పలోంచి ఒక చీర తీశారు. అద్దాలు తీశారు. మంచి కన్ను చేత్తో మూసుకుని చీరను వెలుగుకు పట్టారు. అలా చాలాసేపు చూశారు. "ఇది నేరేడు రంగు" అన్నారు. కౌంటరు అవతలి నుంచి వదినగారు, "ఎర్రదయ్యా అది" అన్నారు మెల్లగా. ఆయన చీర మడత పెట్టబోయి, మడత కుదరక, అలాగే వదిలేసి లేచారు. ముప్పై ఏళ్లుగా చీరలు మడతపెట్టిన మనిషి.

ఆటోలో దారి పొడుగునా దువ్వెన జేబులోంచి తీయడం, మళ్లీ పెట్టుకోవడం. నేను పక్కన కూర్చుని ఆ దువ్వెనే చూశాను.

మా వార్డుకు తీసుకెళ్లడానికి లేదు, అక్కడున్నవాళ్లందరికీ కొత్త వాచ్‌మన్లే. కింద విడిగా గదిలో ఉంచి, ఎనిమిది గంటలకోసారి మందు నరంలోకి ఎక్కించారు. కంటి డాక్టరు వచ్చి చూసి, "మూడు రోజుల ముందు తెచ్చి ఉంటే చాలా తేడా ఉండేది" అన్నారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే అసలు మిగిలేది కాదని కూడా అన్నారు. ఆ రెండో మాట పట్టుకుని వేలాడదామని చూశాను. మొదటి మాటే చెవిలో ఉండిపోయింది. సోమవారం నుంచి గురువారానికి ఎన్ని రోజులో మీరే లెక్కపెట్టుకోండి.

కన్ను నిలిచింది. అంటే గుడ్డివాడు కాలేదు. నల్లగుడ్డు మీద మచ్చ పడి, ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు చూపు మిగిలింది. బొబ్బలు ఎండిపోయాక కూడా నొప్పి నెలల తరబడి పోలేదు. ఫ్యాను గాలి నుదుటికి తగిలితే కేకపెట్టేవారు. ఇక రంగుల పరీక్షకు చుట్టుపక్కల షాపుల వాళ్లు రావడం మానేశారు. మొహమాటానికి కొన్నాళ్లు వచ్చారట, అది ఇంకా బాధగా ఉండేదని వదినగారు చెప్పారు.

కమిటీ కూర్చుంది. పెద్ద డాక్టరుగారు, సూపరింటెండెంటు, మేట్రన్, ప్రచార విభాగం అధిపతి, నేను. బిస్కట్లు, టీ. సూపరింటెండెంటుగారు తీర్మానం ముందే టైపు చేయించి తెచ్చారు: రోగి సూచనలు పాటించకపోవడం వల్ల. అధిపతిగారు తల ఊపారు. సన్మానపత్రం మాట ఎవరూ ఎత్తలేదు. అధిపతిగారికి అసలు అలాంటి పత్రమొకటి ఉన్నట్టే గుర్తులేదు.

పెద్ద డాక్టరుగారు ఒక్కరే, "ముందు ఏమైనా లక్షణాలు చెప్పారా? ఫోను రిజిస్టరులో ఉందా?" అని అడిగారు. అందరూ నా వైపు తిరిగారు.

"సోమవారం ఫోన్ చేశారు సార్. తలనొప్పి అన్నారు" అన్నాను.

అబద్ధం కాదు. రిజిస్టరులో కూడా అదే ఉంది. ఒక్క పక్క అన్న మాట, మంట అన్న మాట, దువ్వెన మాట నా నోట్లోనే ఉండిపోయాయి. ఆయన "తలనొప్పి అంటే సర్పి అని ఎవరు మాత్రం అనుకుంటారు" అని సంతకం పెట్టేశారు. నేనూ పెట్టాను. బిస్కటు కూడా తిన్నాను.

ఆ తర్వాత చాలా సంస్కరణలు జరిగాయి. సన్మానం ఆగలేదు, కానీ పత్రం అడుగున చీమతలకాయంత అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి" అని వేశారు. నేను మాత్రం ఫోనెత్తగానే ఎవరినైనా "పెద్ద మాత్ర వేసుకున్నారా?" అని అడగడం మొదలుపెట్టాను. ఒకసారి మా ఆడపడుచు కూతురి పెళ్లికి పిలవడానికి ఫోన్ చేస్తే ఆవిడనూ అడిగాను. పెద్ద డాక్టరుగారు ఈ జబ్బుకు కొత్తగా వచ్చిన టీకా గురించి రోగులకు చెబుతుంటే పక్కన నిలబడి, ఆయనకంటే గట్టిగా నేను చెప్పేదాన్ని. జూనియర్లకు నేనంటే విసుగు. వాళ్లకు తెలియదు కదా, నేను ఎవరితో మాట్లాడుతున్నానో.

షాపాయన దంపతులు పరీక్షలకు వస్తూనే ఉన్నారు. ఆయన నాతో ఎప్పటిలాగే ఉండేవారు. వార్డులో కర్టెన్లు మారాయి, "ఇప్పుడు బాగున్నయా?" అని ఆయన నన్నే అడిగేవారు. ఏదైనా చిన్న జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా వదినగారు వార్డుకు ఫోన్ చేసేవారు. నేనే ఎత్తేదాన్ని. చెప్పాలని ప్రతిసారీ అనుకునేదాన్ని. ఒకరోజు రోగులు ఎక్కువ, ఒకరోజు ఆయన పక్కనే ఉన్నారు, ఒకరోజు ఆవిడ సంతోషంగా ఉంది, పాడుచేయడం ఎందుకని. ఇలాంటి కారణాలకు నా దగ్గర ఎప్పుడూ కొరత రాలేదు.

రెండేళ్లకు నా రిటైర్మెంటు. సన్మానం తప్పుతుందా! శాలువా, దండ, ఫ్లెక్సీ. పత్రం ప్రచార విభాగం వాళ్లే రాశారు, లేదా నాది చూసి దించారు. "మొక్కవోని దీక్షతో ముప్పై అయిదేళ్ల సేవను విజయవంతంగా పూర్తి చేసుకున్న మీకు..." అని చదువుతుంటే ముందు వరసలోంచి షాపాయన లేచి, "సిస్టరమ్మా, నమ్మకు! బీపీ గోలీ బందు చెయ్యకు!" అని అరిచారు. హాలంతా నవ్వులు. అధిపతిగారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, శాలువా కింద ఒళ్లంతా చెమటలు పట్టాయి.

భోజనాల దగ్గర వదినగారు నన్ను పక్కకు పిలిచి ఒక చీర చేతిలో పెట్టారు. ఇక్కత్, నేరేడు రంగు. "రంగు నేను ఏరిన, ఆయన ఊఁ అన్నడు" అన్నారు. ఇంక ఆగలేకపోయాను.

"వదినగారూ, ఆ సోమవారం మీరు ఫోన్ చేసినప్పుడు ఎత్తింది నేనే. దువ్వెన పెట్టనివ్వట్లేదని మీరు చెప్పారు. నాకు అప్పుడే తెలియాల్సింది. నేను సరిగ్గా వినలేదు. తర్వాత కమిటీలో కూడా చెప్పలేదు."

ఆవిడ నా మొహంలోకి చూసి, "తెల్సు" అన్నారు.

"తెలుసా?"

"నోట్ల బువ్వ పెట్టుకొని మాట్లాడినవు. నీ గొంతు నాకు తెల్వదా?"

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాటా అనలేదేం? పెద్ద డాక్టరుగారితో చెప్పి ఉండాల్సింది."

"చెప్తే నిన్ను ఆ ఫోను కాడికెల్లి తీసేద్దురు. లేకుంటే నీకే నా మీద కోపమొచ్చు. మళ్ల ఆయనకు ఏమన్న అయితే నేనెవరికి చెయ్యాలె?"

ఆవిడ నా భుజం మీద జారుతున్న శాలువా సర్దారు. సర్దుతూ, చాలా మామూలుగా అన్నారు.

"ఇయ్యాల్నుంచి నువ్వా ఫోను కాడ ఉండవు గద. అందుకే ఇప్పుడంటున్న. ఆ దినం నువ్వు ఇనాల్సుండె సిస్టరమ్మా."